ఐరాల గురవమ్మ నెత్తిన వేసుకున్న నేరం

ఐరాల గురవమ్మ గెలిచిన మొదటి గెలుపు ఒక జ్వరపు కాగితం. 1940 ఆషాఢంలో, చిత్తూరులోని ఒక ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డు ఏడో నంబరు మంచానికి వేలాడుతున్న చార్టు మీద మూడు రోజుల పాటు ఆమె తన చేత్తో అంకెలు వేసింది. నాలుగో రోజు పెద్ద డాక్టరు ఆ కాగితం ఎత్తి చూసి, ఒక్క అంకె కూడా దిద్దకుండా కింద సంతకం చేసి పక్క మంచానికి నడిచిపోయాడు. ఆ అంకెలు ఎవరు వేశారో ఆయనకు తెలియదు. తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు గురవమ్మ, ఇంకొకరు ఆమెకు ఆ పని నేర్పిన కాంపౌండరు బాలసుబ్రమణ్యం.

ఇదేం గొప్ప అని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. మూడో తరగతి తెలుగు వాచకంతో బడి మానేసిన మనిషి, ఇంగ్లీషు అక్షరం ముఖం ఎరగని మనిషి. అప్పటికి ఆసుపత్రిలో ఆమె పని గుడ్డలు ఉతకడం, రోగుల కింద గిన్నెలు కడగడం. అలాంటి మనిషి థర్మామీటరులో పాదరసం ఎక్కడ నిలిచిందో చదివి, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టి, రొమ్ము లేచి పడేది చూసి ఊపిరి లెక్కపెట్టి, టి.పి.ఆర్. అనే మూడు గళ్ళలో మూడు అంకెలు తప్పు లేకుండా వేసింది. ఐరాల చుట్టుపక్కల పది ఊళ్ళలో అంతకుముందు ఆడది గానీ మగవాడు గానీ ఆ పని చేసిన దాఖలా లేదు. ఆ మాట ఎవరిని అడిగినా చెబుతారు.

ఆమె ఆసుపత్రికి వచ్చిన దారి కూడా అందరూ వచ్చే దారి కాదు. పన్నెండో ఏట గురవమ్మకు అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది గానీ ముఖం నిండా గుంటలు పడ్డాయి, ఎడమ కంట్లో పువ్వు వేసింది. తరువాత ఆరేళ్ళలో ఆమెను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ ఇచ్చిన మజ్జిగ తాగి, ఎండ ఎక్కుతోందని చెప్పి లేచిపోయారు. 1939లో ఆసుపత్రి వెనక అమ్మవారి రోగులకు వేసిన పాకలో పనికి మనుషులు దొరకలేదు. ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ పోయదు కాబట్టి అలాంటివాళ్ళు వస్తే పనిలో పెట్టుకుంటామని సంతలో దండోరా వేశారు. ఏ గుంటలు చూసి పెళ్ళివారు లేచిపోయారో ఆ గుంటలే చూసి ఆసుపత్రివాళ్ళు ఆమెను లోపలికి పిలిచారు.

అన్న వెంకటముని ఒప్పుకోలేదు. నాయన పోయాక ఇంటి పెత్తనం అతనిదే. చెడ్డవాడు కాదు. బెల్లం వండడంలో చెయ్యి తిరిగినవాడు, గానుగ దగ్గర పాకం చూసి దించాల్సిన క్షణం చెప్పగలవాడు. కానీ పరువు అంటే ప్రాణం. ఊరోళ్ళ పీతిగుడ్డలు ఉతికే ఆడది తన గడప తొక్కగూడదన్నాడు. తల్లి పోలేరమ్మ కొడుకు మాట దాటలేదు. ఏడాదికోసారి చిత్తూరు సంతకు వచ్చినప్పుడు ఆసుపత్రి గేటు బయట నిలబడి, ఒక మూటెడు వేరుశనక్కాయలు కూతురి చేతిలో పెట్టి, కొడుక్కు తెలియకముందే బండెక్కి పోయేది. అట్లా నాలుగేళ్ళు గడిచాయి. గురవమ్మకు లోకంలో కావలసింది ఆ గడప లోపల ఒక్క పూట కూర్చోవడం. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, ఒక్క కాంపౌండరుకు తప్ప.

బాలసుబ్రమణ్యం సత్యవేడు మనిషి, మాట సగం అరవం. గిన్నెలు కడిగే గది గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసి, ఆమెతో దిద్దించేవాడు. మందు రోజుకు రెండు సార్లు అంటే బి.డి. అని, మూడు సార్లు అంటే టి.డి.ఎస్. అని, పడుకోబోయే ముందు అంటే హెచ్.ఎస్. అని, అవసరమైతేనే అంటే ఎస్.ఓ.ఎస్. అని. మొదటి రోజు, బి.డి. అంటే నోట్లో పెట్టుకునే బీడీ కాదమ్మా అని ఆయన హెచ్చరించాడు.

"అది రోజుకు రెండు తూర్లే గదా సామీ, మీరు తాగేది పది తూర్లు," అన్నది గురవమ్మ.

ఆయన నవ్వుతూనే బీడీ ఆర్పి కిటికీలోంచి పారేశాడు. ఆ రోజు నుంచి ఆమెను కాంపౌండరు ఎవరి ముందూ 'ఏయ్' అని పిలవలేదు.

ఆమె చేసిన పనులు ఇక్కడ చెప్పుకోక తప్పదు, చెప్పేవాళ్ళు వేరే లేరు కాబట్టి. ఆమె చూసిన వార్డులో పద్నాలుగు నెలల పాటు ఒక్క రోగికి కూడా వీపు పుండు పడలేదు. కదలలేని మనిషిని గంట కొట్టిన ప్రతి రెండోసారీ పక్కకు తిప్పేది. వీపుకు స్పిరిట్ రుద్ది పౌడరు అద్దేది. కింద గుడ్డ ముడత పడితే, ఆ ముడతే రేపటి పుండు అని తోటివాళ్ళకు చెప్పేది. జ్వరంలో నాలుక అట్టకట్టినవాళ్ళ నోరు ఉప్పునీళ్ళ గుడ్డతో తుడిచేది. రోగి ఎంత తాగాడో ఎంత పోశాడో కొలిచి రాసేది. టైఫాయిడ్ వచ్చిన ఒక బడిపంతులుకు ఇరవై ఒక్క రోజులు పాల చుక్కలు చెంచాతో పోసి, ఎముకల గూడుగా మారిన మనిషిని నిలబెట్టింది. 1943లో మగ పనివాళ్ళు యుద్ధంలో చేరడానికి పోతే, ఆపరేషన్లు చేసినవాళ్ళ మగ వార్డు కూడా ఆమెకే అప్పగించారు. పెద్ద నర్సు చంద్రకాంతమ్మ చాలా కటువైన మనిషి, ఎవరినీ మెచ్చుకునేది కాదు. ఆమె సైతం, గురవమ్మ వేసిన చార్టును తాను మళ్ళీ చూడనవసరం లేదని డాక్టరుతో చెప్పింది.

1944 మాఘంలో వెంకటముని తానే ఆసుపత్రికి వచ్చాడు. గజ్జల్లో పేగు దిగి రెండేళ్ళుగా నరకం పడుతున్నాడు. బెల్లం పెనం దించడానికి వంగలేకపోతున్నాడు. కోస్తే తప్ప నయం కాదన్నారు. మగ వార్డులో మూడో మంచం ఇచ్చారు. గురవమ్మ వచ్చి మంచం పక్కన నిలబడితే, అతను ఆమె ముఖం చూడకుండా పైకప్పు చూశాడు.

"ఏం పాపా, ఈడ నీ మాటే సెల్లుతాదంట గదా."

"ఈడ నా మాట సెల్లదు అన్నా, కార్డు మీద ఉండే మాట సెల్లుతాది."

"నా కింద గిన్నె కూడా నువ్వే ఎత్తుతావా?"

"ఎత్తుతా. ఊరికి పోయి నలుగురికీ సెప్పుకో, నా సెల్లెలు నా గిన్నె ఎత్తిందని."

వెంకటముని దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. చాలాసేపటికి ఆ దుప్పటి లోపలి నుంచే అన్నాడు, "నాకు నయమయినాక ఇంటికి రా. మీ వదినకు సెప్పి వచ్చినాను."

గురవమ్మ పక్క మంచం దగ్గరికి పోయి, అక్కడ ఉతికిన గుడ్డ పరిచి ఉన్నా దాన్ని తీసి మళ్ళీ పరిచింది.

ఆపరేషన్ శుక్రవారం పొద్దున. గురువారం సాయంత్రం మూడో మంచానికి కార్డు కట్టారు. దాని మీద ఎన్.బి.ఎం. అని మూడు అక్షరాలు. నోటి గుండా ఏదీ పోకూడదు అని దాని అర్థం. మత్తు మందు పీలిస్తే కడుపులో ఉన్నది పైకి పొంగుతుంది. మత్తులో ఉన్న మనిషికి మింగడమూ తెలియదు, ఉమ్మడమూ తెలియదు. పొంగింది పొంగినట్టు ఊపిరి గొట్టంలోకి పోతుంది. ఈ సంగతి గురవమ్మ అన్నకు రెండుసార్లు చెప్పింది. అదే సాయంత్రం పాకాల మీదుగా వచ్చిన రైలు దిగిన తల్లికీ చెప్పింది. ఆకలని ఏడ్చినా పెట్టొద్దమ్మా, గుక్కెడు నీళ్ళు కూడా వద్దు, అన్నది. పోలేరమ్మ తల ఊపింది. నాలుగేళ్ళ తరువాత కూతురి చేత పని చెప్పించుకోవడం ఆమెకు సంతోషంగానే ఉంది.

పోలేరమ్మ తిరుమల నుంచి వచ్చింది. కొడుక్కు కత్తి తగలకముందే కొండ ఎక్కి మొక్కుకోవాలని, అరవయ్యేళ్ళ మనిషి అలిపిరి నుంచి మెట్లెక్కి పోయి దర్శనం చేసుకుని దిగింది. మోదుగాకులో కట్టిన ప్రసాదం కొంగున ముడి వేసుకుని తెచ్చింది. మిరియాలు దంచి వేసిన మినప వడ అది.

శుక్రవారం తెల్లవారగానే ఆమె ఆసుపత్రి బావి దగ్గర తలకు పోసుకుంది. తడి చీరతోనే వరండాలోకి వచ్చి, ముడి విప్పి, కూతుర్ని పిలిచి ఒక ముక్క చేతిలో పెట్టింది. గురవమ్మ కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. ఆ వెంటనే ఐదో మంచంవాడు పిలిస్తే అటు పోయింది. పోలేరమ్మ మూడో మంచం దగ్గరికి నడిచింది.

ఏడు గంటలకు గురవమ్మ కార్డు పట్టుకుని, అడగాల్సిన మాట అడిగింది. రాత్రి నుంచి ఏమన్నా తిన్నావాన్నా, ఏమన్నా తాగినావా అని.

"పచ్చి గంగ ముట్టలేదు," అన్నాడు వెంకటముని.

పోలేరమ్మ కూడా చెప్పింది. "నువ్వు అంత సెప్పినాక నేనెందుకు పెడతానే?"

ఇద్దరిలో ఒక్కరూ అబద్ధం ఆడలేదు. ఈ సీమలో పుట్టినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. శనివారం ఒక్కపొద్దు ఉన్నవాళ్ళు కొండ ప్రసాదం చేతికి వస్తే నోట్లో వేసుకుంటారు. ఒక్కపొద్దు చెడదు. ప్రసాదం ఆకలికి తినేది కాదు, దాన్ని తిండి అనడమే పాపం. గురవమ్మ కూడా అట్లా పెరిగిన పిల్లే. నాలుగేళ్ళు ఇంగ్లీషు అక్షరాలు దిద్దిన చెయ్యి ఆ పొద్దు ప్రసాదం చూడగానే పుట్టింటి చెయ్యి అయిపోయింది. తన నోట్లో మిరియం ఘాటు ఇంకా ఉండగానే, అన్న నోట్లో ఏముందో అడగాలని ఆమెకు తోచలేదు. కార్డు మీద గీత గీసి, పక్కన తన గుర్తు వేసింది.

ఎనిమిదిన్నరకు ఆపరేషన్ గదిలోంచి కేకలు వినిపించాయి. తల కిందికి వంచండి, గుడ్డ తెండి, అని. గురవమ్మ తలుపు బయట చేతులు కడుక్కునే తొట్టి పక్కన నిలబడి ఉంది. కాసేపటికి బాలసుబ్రమణ్యం ఒక పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చి తొట్టి గట్టున పెట్టాడు. ఆమె దానిలోకి చూసింది. పసరు నీళ్ళలో మినపప్పు పలుకులు, నల్లటి మిరియపు ముక్కలు. ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది.

వెంకటమునిని మంచం మీదికి చేర్చేసరికి పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. ఊపిరి తీస్తే గొంతులో నీళ్ళు మరిగినట్టు చప్పుడు. పెద్ద డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చి మంచం ముందు నిలబడ్డాడు. చంద్రకాంతమ్మ, కాంపౌండరు, గురవమ్మ ఒక పక్క. గోడకు ఆనుకుని నేల మీద పోలేరమ్మ. డాక్టరు కార్డు చేత్తో పట్టుకుని, అందరికీ అర్థం కావాలని తెలుగులోనే మాట్లాడాడు. ఈ మనిషి కడుపులో తిండి ఉంది, అది ఊపిరితిత్తుల్లోకి పోయింది, బతకడం కష్టం, అన్నాడు. పెట్టిన చెయ్యి ఎవరిదో ఆ చెయ్యే ఇతన్ని చంపినట్టు లెక్క అన్నాడు. ఎవరు పెట్టారు అని అడిగాడు.

పోలేరమ్మ గోడ దగ్గర నుంచి చేతులు జోడించింది. ఎవురూ ఏమీ పెట్టలేదు సామీ, గుడ్డి గవ్వంత కూడా పెట్టలేదు, అన్నది. ఆమె ముఖంలో కల్మషం లేదు. డాక్టరు కోపం ఇంకా పెరిగింది. అయితే ఆ తిండి ఆకాశం నుంచి ఊడిపడిందా అన్నాడు.

గురవమ్మ తల్లి కొంగు వైపు చూసింది. ముడి ఇంకా తడిగానే ఉంది, లోపల ఒక ముక్క మిగిలి ఉన్నట్టు ఉబ్బుగా ఉంది. ఇంకొక్క మాట నడిస్తే అది బయటికి వస్తుంది. బయటికి వస్తే, అరవయ్యేళ్ళ మనిషి మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి తెచ్చిన స్వామి ప్రసాదమే తన కొడుకును చంపిందని, ఆ చెయ్యి తనదేనని, ఆమె ఈ గోడ దగ్గర కూర్చునే తెలుసుకుంటుంది. ఆ తరువాత ఆ మనిషికి కొడుకూ ఉండడు, దేవుడూ ఉండడు.

"నేనే పెట్టినాను దొరా," అన్నది గురవమ్మ. "తెల్లారి ఆకలంటే సూడలేక పెట్టినాను."

బాలసుబ్రమణ్యం చటుక్కున ఆమె వైపు తిరిగాడు. డాక్టరు కార్డును ఆమె ముందుకు చాపాడు. నీ గుర్తు ఉన్న కార్డు ఇది అని మాత్రం అన్నాడు. వార్డులోంచి బయటికి పొమ్మన్నాడు, మళ్ళీ లోపల అడుగు పెట్టవద్దన్నాడు.

ఆమె గడప దాటుతుంటే వెనక నుంచి పోలేరమ్మ గొంతు వినిపించింది. అరవలేదు. మెల్లగానే అడిగింది.

"వాడిని సంపేదానికేనా నువ్వు ఈ సదువు సదివింది?"

మూడు రోజులు గురవమ్మ వార్డు కిటికీ బయట కానుగ చెట్టు కింద కూర్చుంది. లోపలికి రానివ్వకపోయినా చూడడం ఎవరూ ఆపలేరు. కిటికీ కమ్ముల సందులోంచి అన్న రొమ్ము కనబడుతుంది. అది లేచి పడేది ఆమె లెక్కపెట్టింది. శుక్రవారం సాయంత్రం నిమిషానికి ముప్ఫై ఆరు. శనివారం నలభై రెండు. జ్వరం ఎంతో ఆమె చేతికి తెలియదు గానీ, చెంపల ఎరుపు చూసి నూట మూడు దాటిందని చెప్పింది. ఆ పూట కాంపౌండరు థర్మామీటరు పెట్టి చూస్తే నూట మూడున్నర. ఊపిరితిత్తుల జ్వరానికి ఇచ్చే, యుద్ధం వల్ల దొరకడమే గగనమైన ఎం.బి. మాత్రలు ఆయన ఎక్కడో అడిగి తెచ్చి నూరి పోశాడు. తలగడలు ఎత్తుగా పెట్టించాడు, ఆవిరి పట్టించాడు. ఆమె స్థానంలో పెట్టిన మనిషికి తిప్పడం రాదు.

"ఎడం పక్కకి తిప్పండి సామీ," అని కిటికీలోంచి చెప్పేది గురవమ్మ. "వీపు కింద గుడ్డ ముడత పడి ఉండాది. ఈడికి కనబడతా ఉండాది."

ఆయన తిప్పేవాడు. పోలేరమ్మ ఆ గొంతు వినగానే ముఖం అటు తిప్పుకునేది.

ఆదివారం పొద్దున ఊపిరి తీరు మారింది. గబగబా నాలుగు, తరువాత ఒక ఎడం, మళ్ళీ నాలుగు. ఆ ఎడం ఎంత పెరుగుతోందో గురవమ్మ వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది. లోపల తల్లి కొడుకు నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. ఏదో కుదుట పడుతున్నట్టుందని, కబురు తెలిసి ఐరాల నుంచి వచ్చిన వదినతో అంటోంది. తొమ్మిది గంటలు కొట్టిన కాసేపటికి గురవమ్మ లెక్క ఆపింది. లోపలివాళ్ళు ఏడవడానికి ఇంకొంత సేపు పట్టింది.

ఆసుపత్రి పుస్తకంలో ఆమె పేరు కొట్టేశారు. ఐరాలలో కర్మకు ఆమెను పిలవలేదు. పిలుస్తారని ఆమె అనుకోనూ లేదు. తిరుపతిలో యాత్రికులకు కలరా వస్తే పడుకోబెట్టడానికి ధర్మానికి వేసిన ఒక పాక ఉండేది. అక్కడ పనికి ఎవరూ ముందుకు రారు కాబట్టి, ఎక్కడ పని చేశావని గానీ ఎందుకు మానేశావని గానీ అడగకుండా ఆమెను చేర్చుకున్నారు.

కాంపౌండరు బాలసుబ్రమణ్యం మాత్రం పదో నాటికి ఐరాల పోయాడు. గానుగ పక్కన పందిరి కింద పోలేరమ్మ వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పుకుంటోంది. ఏదో తన పుణ్యం కొద్దీ, పోయే ముందు కొండ ప్రసాదం బిడ్డ నోట్లో పడిందని, ఆ పొద్దు తన చేత్తోనే పెట్టిందని. విన్నవాళ్ళు, ఆ అదృష్టం ఎవరికి వస్తుందమ్మా అని కళ్ళు తుడుచుకున్నారు. అక్కడున్న నలభై మందిలో ఎవరికీ ఆ మాటలో ఇంకొక సంగతి ఉందని తోచలేదు. బాలసుబ్రమణ్యం చేతిలో మజ్జిగ గ్లాసు అట్లాగే ఉండిపోయింది.

మరునాడే ఆయన తిరుపతి పోయాడు. కలరా పాక వెనక సున్నం కలుపుతున్న గురవమ్మను పట్టుకుని, నీ పని నాకు అర్థమయింది, ఇప్పుడే పోయి డాక్టరుకు చెబుతాను అన్నాడు. గురవమ్మ చేతి కర్ర తొట్టిలోనే వదిలి లేచింది.

"మా యమ్మ బతికినన్ని దినాలు సెప్పొద్దండి సామీ. ఆమెకు మిగిలింది ఆ ప్రసాదం ఒక్కటే."

"మరి నీకు ఏం మిగిలిందమ్మా?"

"నేనూ తిన్నాను గదా ఆ పొద్దు. నోట్లో పెట్టుకుని కూడా అన్నను అడగలేదు. డాక్టరు నన్ను ఊరికే తరమలేదు సామీ."

ఆయన మాట ఇచ్చాడు. ఇష్టం లేకుండానే ఇచ్చాడు, ఇచ్చినందుకు ఏడాదిన్నర నిలబడ్డాడు.

కలరా పాకలో గురవమ్మ చేసిన పని ఇంకెవరైనా చేసి ఉంటే దాని పేర రాయి నాటి ఉండేవాళ్ళు. 1944లో, కొండకు అరవ యాత్రికులు పోటెత్తే ఒక్క పురటాసి నెలలోనే రెండు వందల పన్నెండు మందిని ఆమె చేతుల మీదుగా చూశారు. పోయినవాళ్ళు నలభై ముగ్గురు. అంతకు ముందు ఏడు సగానికి సగం పోయారు. మంచానికి కంత కోసి కింద బకెట్టు పెట్టి, ఎంత పోయిందో కొలిచేది. సూది గుండా ఉప్పునీళ్ళు ఎక్కించేటప్పుడు రోగి చెయ్యి కదలకుండా గంటల తరబడి పట్టుకునేది. చల్లబడిన కాళ్ళకు వేడి ఇటుకలు గుడ్డలో చుట్టి పెట్టేది. బ్లీచింగ్ పౌడరుకు ఆమె చేతుల తోలు ఊడిపోయింది. ఇంకో నలుగురు ఆడవాళ్ళకు టి.పి.ఆర్. రాయడం నేర్పింది, వాళ్ళలో ఇద్దరికి అంతకు ముందు తెలుగు కూడా రాదు. పాకలోకి ఎవరు వచ్చినా ఆమె మొదట అడిగే మాట ఒకటే. ప్రసాదం గానీ తీర్థం గానీ విబూది గానీ నోట్లో వేసుకున్నారా అని. ఏం తిన్నారు అని అడిగేది దాని తరువాత. ఈమె ఏం మనిషి, దేవుడి సొమ్మును కూడా లెక్క అడుగుతాది అని కొందరు యాత్రికులు తిట్టిపోయేవాళ్ళు.

1945 జ్యేష్ఠంలో పోలేరమ్మకు ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆ కబురు ఇంటి నుంచి రాలేదు. తిరుపతికి బెల్లం తోలుకొచ్చిన ఐరాల బండివాడు చెప్పాడు. గురవమ్మ సెలవు చెప్పి, ఐరాల పోయి, ఇంటి గడప ముందు నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. వదిన పక్కకు తొలిగింది, అంతే. చేతకాని మనిషిని ఎత్తి దించడం ఆమె వల్ల కావడం లేదు.

నలభై మూడు రోజులు గురవమ్మ తల్లిని చూసుకుంది. వేళకు తిప్పింది, వీపు రుద్దింది, గిన్నె ఎత్తింది. పడిపోయిన చేతి వేళ్ళు ముడుచుకుపోకుండా గుడ్డ చుట్ట పెట్టింది. ఒక్క పుండు పడనివ్వలేదు. పోలేరమ్మ కూతురి చేత కడిగించుకుంది గానీ కూతురి చేత తిండి తినలేదు. చెంచా దగ్గరికి వస్తే పళ్ళు బిగించేది. వదిన వచ్చి పెడితేనే మింగేది. గురవమ్మ అంబలి కాచి చల్లార్చి గిన్నె వదినకు అందించి, తలుపు చాటుకు పోయేది.

ఒక మధ్యాహ్నం వదిన చేలో ఉంది. ఎండ మండుతోంది. పోలేరమ్మ నాలుక ఎండి పెదవులకు అంటుకుంటోంది. గురవమ్మ చెంచాతో నీళ్ళు తీసి, మింగగలిగే పక్కకు తల తిప్పి, పెదవుల దగ్గర పెట్టింది. పోలేరమ్మ కళ్ళు తెరిచి చూసింది. నాలుక మందమైనా మాట స్పష్టంగానే వచ్చింది.

"మీ యన్నకూ ఇట్లనే పెట్టినావా?"

"అవునుమా," అన్నది గురవమ్మ. చెంచా పెదవుల దగ్గరే ఉంచింది.

పోలేరమ్మ ఆ ముఖం కేసి, గుంటలు పడిన ఆ చెంపల కేసి చాలాసేపు చూసింది. తరువాత దాహానికి తాళలేక నోరు తెరిచింది. ఏడు చెంచాలు తాగింది. ఆ తరువాత ఆమె కూతురితో ఇంకేమీ మాట్లాడలేదు. క్షమించినట్టు గానీ క్షమించనట్టు గానీ ఎవరూ చెప్పలేరు. శ్రావణంలో ఒక పొద్దున ప్రాణం వదిలింది. ఆఖరు వరకూ ఆమె తలాపున కొండ స్వామి బొమ్మ ఉంది. రోజూ దానికి మంచి చెయ్యితో దండం పెట్టుకునేది.

కర్మ అయిన మరుసటి రోజు బాలసుబ్రమణ్యం పెద్ద డాక్టరు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆయన బయటికి వచ్చాక కూడా డాక్టరు ఆ పూట వార్డుకు రాలేదు. సాయంత్రం చంద్రకాంతమ్మను పిలిచి పాత పుస్తకం తెమ్మన్నాడు. కొట్టేసిన పేరు కింద తన చేత్తో మళ్ళీ ఆ పేరు రాశాడు. ఎన్.బి.ఎం. కార్డు వెనక తెలుగులో ఒక వాక్యం అచ్చు వేయించమన్నాడు. ప్రసాదం, తీర్థం కూడా ఇవ్వరాదు, ఇచ్చి ఉంటే చెప్పవలెను, అని.

తిరిగి రమ్మని తిరుపతికి ఉత్తరం పోయింది. గురవమ్మ దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, తాను నేర్పిన ఆడమనిషి చేత జవాబు రాయించింది. బ్లీచింగ్‌కు వేళ్ళు పగిలి ఆమె కలం పట్టలేకపోతోంది. పోయిన ప్రాణం పోయిందే కాబట్టి తనకు తొందర లేదని, బ్రహ్మోత్సవాలకు జనం వచ్చే వేళ పాక వదిలి రావడం కుదరదని, ఆఖరి రోగి లేచి పోయాక వస్తానని అందులో ఉంది. ఐరాలలో వదిన ఆమె కోసం నడవలో ఒక చాప వేసి ఉంచింది. దాని మీద ఆమె ఇప్పటికీ కూర్చోలేదు. పెద్ద డాక్టరు ఆమె అడిగిన గడువు ఒప్పుకుని పుస్తకంలో వేసిన ప్రకారం, ఐరాల గురవమ్మ చిత్తూరు ఆసుపత్రిలో తిరిగి పనికి రావలసిన రోజు 1945 అక్టోబరు 29, సోమవారం.